రాయి లేని సమాధులు - వంశచరిత్రల దృక్పథం

ఈ మధ్య తెలుగులో వంశచరిత్రలు విరివిగా వస్తున్నాయి. తాతముత్తాతల పుట్టుపూర్వోత్తరాల కోసం ఊళ్లు తిరిగి, ముసలివాళ్లను అడిగి, దొరికినచోట సమాధి ఫొటో వేసి, దొరకనిచోట ఒక చెట్టుబొమ్మ గీసి అచ్చువేసుకుంటున్నారు. వీటిలో ఎక్కువ భాగం బంధువులకు పంచుకోవడానికి వేసుకున్నవే గనుక సాహిత్య విమర్శకు వాటితో పని లేదు. కాని కొన్ని సాహిత్యంగా వచ్చాయి, సాహిత్యంగానే చదువుతున్నాం. వీటిపట్ల మన విమర్శకులలో రెండు ధోరణులు కనిపిస్తున్నాయి. పూర్వీకుల వెతుకులాట అంతా భూస్వామ్య వ్యామోహమనీ, చచ్చినవాళ్లను తవ్వి తీయడం అభ్యుదయం కాదనీ కొట్టిపారేసే ధోరణి ఒకటి. అణగారిన కులాల నుంచి వస్తే చాలు, అందులో వున్నదంతా చరిత్రేనని తలకెత్తుకునే ధోరణి మరొకటి. పైకి విరుద్ధంగా కనిపించే ఈ రెంటికీ ఒక పోలిక వుంది. పూర్వీకుని సమాధి వెతకబోయిన రచయితకు అది దొరికిందా, దొరక్కపోతే అతడేం చేశాడు అనే ప్రశ్న రెండూ వేయవు. వంశచరిత్ర రచనకు అసలు పరీక్ష అక్కడే వుందని నా అభిప్రాయం.

సమాధి అంటే భక్తీ దుఃఖమూ మాత్రమే కాదు, మొదట అదొక ఆస్తి. నేల కావాలి, రాయి కావాలి, చెక్కేవాడికి కూలి ఇవ్వాలి, చెక్కినదాన్ని చదవగల వారసుడు వుండాలి. బందరులోని డచ్చివారి శ్మశానం చూసినవాళ్లకు ఇది వివరించనక్కరలేదు. వర్తకం కోసం వచ్చి ఇక్కడ చనిపోయినవాళ్ల రాళ్ల మీద వంశచిహ్నాలతో సహా అక్షరాలు నిలిచివున్నాయి. భీమునిపట్నంలోనూ అంతే. 1905లో జూలియన్ జేమ్స్ కాటన్ అనే సివిల్ సర్వీసు అధికారి మద్రాసు రాజధానిలోని సమాధి శాసనాలకు పెద్ద జాబితా అచ్చువేయించాడు. దక్షిణాసియాలోని యూరోపియన్ల శ్మశానాలను పట్టించుకోవడానికి 1976లో లండనులో ఒక సంఘమే ఏర్పడింది. అందువల్ల ఒక తెల్ల దొరగారి మునిమనుమడు ఈనాడు ఇక్కడికి వస్తే అతని చేతిలో జాబితా వుంటుంది. ఆ దొర గోదాములో మూటలు మోసినవాడి మునిమనుమడు అదే ఊళ్లో వున్నా అతని చేతిలో ఏమీ వుండదు.

మనలో దహనం చేసే కులాల వాళ్లకు కూడా సమాధులు లేవు గదా అని కొందరు అడుగుతారు. సమాధి లేకపోవడం వేరు, వంశం లేకపోవడం వేరు. గోత్రమూ ప్రవరా నోటికి వచ్చినవాడికి, కాశీలోనో గయలోనో పండాల చిట్టాలో తాత సంతకం వున్నవాడికి, ఇనాము పట్టాలూ కరణాల దండకవిలెలూ సాక్ష్యం చెప్పేవాడికి రాయితో పనేమిటి? బూడిద ఏట్లో కలిసినా పేరు కాగితం మీద నిలిచింది. పూడ్చిపెట్టే కులాల సంగతి దీనికి సరిగ్గా తలకిందులు. మనిషి నేలలోనే వున్నాడు, పేరు లేదు. నక్కలు తవ్వకుండా పైన కంప వేసి, నాలుగు రాళ్లు పేర్చి వస్తారు. మూడోనాడు పాలు పోస్తారు. రెండు వానాకాలాలు గడిస్తే దిబ్బ నేలమట్టమవుతుంది. చోటు చాలక అక్కడే మరొకరిని పూడుస్తారు. మా ముత్తాతను పూడ్చినచోటు మా నాయనకు గుర్తుండేది. చెరువుకట్ట దిగువన, రెండు తుమ్మచెట్ల నడుమ అని చెప్పేవాడు. నేను వెళ్లి చూసేసరికి తుమ్మలు రెండూ లేవు. చెట్టు గుర్తయినప్పుడు చెట్టు కొట్టినవాడే సమాధినీ చెరిపేస్తాడు, ఆ సంగతి వాడికి తెలియను కూడా తెలియదు.

మరణం అందరినీ సమానం చేస్తుందనే మాట మన సాహిత్యంలో బాగా చెలామణి అయింది. జాషువా 'శ్మశానవాటిక' పద్యాలు హరిశ్చంద్ర నాటకంలోకి ఎక్కి ఊరూరా మారుమోగాయి. రంగస్థలం ముందు కూర్చున్న పెద్దలు వాటిని వైరాగ్యంగా విని తలలూపారు. తెల్లవారి ఎవరైనా చనిపోతే మాత్రం ఊరి శ్మశానం ఊరిదే, మాలపల్లె శ్మశానం మాలపల్లెదే. ఆ కవి దళితుడన్న స్పృహతో చదివితే ఆ పద్యాలు వైరాగ్యంగా కాక ఎత్తిపొడుపుగా వినిపిస్తాయి. ఇది వేరే వ్యాసానికి తగిన విషయం గనుక ఇక్కడ వదిలేస్తున్నాను.

సమాధి లేనిచోట రచయిత ఏం చేయాలన్న ప్రశ్నను సూటిగా ఎదుర్కొన్న రచన ఒకటి నల్లజాతి అమెరికన్ సాహిత్యంలో వుంది. ఆలిస్ వాకర్ 1975 మార్చిలో 'మిస్' పత్రికలో అచ్చువేసిన వ్యాసం అది, తర్వాత 1983లో ఆమె వ్యాస సంపుటిలో చేరింది. విషయం జోరా నీల్ హర్‌స్టన్ సమాధిని వెతకడం. 'దేర్ ఐస్ వర్ వాచింగ్ గాడ్' (1937) నవల రాసిన జోరా, నల్లవాళ్ల జానపద సాహిత్యాన్ని ఊరూరా తిరిగి సేకరించిన జోరా, చివరి దశలో ఇళ్లలో పనిమనిషిగా చేసింది, బడిలో తాత్కాలికంగా పాఠాలు చెప్పింది. 1960 జనవరి 28న ఫ్లోరిడాలోని ఫోర్ట్ పియర్స్‌లో, నిరుపేదల కోసం ప్రభుత్వం నడిపే ఆశ్రమంలో చనిపోయింది. అంత్యక్రియలకు చందాలు వేసుకున్నారు. నల్లవాళ్ల కోసం విడిగా వుంచిన శ్మశానంలో, రాయి లేకుండా పూడ్చారు.

1973 ఆగస్టులో వాకర్ అక్కడికి వెళ్లింది. వాళ్లిద్దరికీ రక్తసంబంధం లేదు. అయినా వెళ్లిన ప్రతిచోటా తాను జోరా తమ్ముడి కూతురినో అన్న కూతురినో అన్నట్లు మేనకోడలి వరుస చెప్పుకుంది. బంధువు కానివాళ్లకు ఎవరూ నోరు విప్పరని ఆమెకు తెలుసు. శ్మశానంలో నడుమెత్తు పిచ్చిమొక్కలు, పాముల భయం. శ్మశానం మధ్య ఒక వృత్తంలో వుందని మాత్రం ఆనవాలు చెప్పారు. ఎక్కడని వెతకాలి? వాకర్ గొంతెత్తి జోరాను పేరుపెట్టి పిలిచింది. కాసేపటికి కాలు ఒక గుంటలో దిగబడింది. మనిషి పొడవున దిగిపోయిన నేల. అదే సమాధి అనుకుంది. నల్లని ఎత్తైన రాయి పెట్టించాలని వుంది గాని ధర అందలేదు. బూడిదరంగు మామూలు రాయి చెక్కించింది.

ఈ వ్యాసంలో నన్ను ఆకట్టుకున్నది ఆ పిలుపులోని నాటకీయత కాదు. ఆ ఘట్టం ఒక్కటే తీసుకుని పొంగిపోయేవాళ్లు చాలామంది వున్నారు. నాకు విలువైనదిగా కనిపించేది వాకర్ తన సాక్ష్యం బలమెంతో దాచకపోవడం. చుట్టరికం అబద్ధమని పాఠకులకు చెబుతుంది. గుంట కనిపించిన తీరు చెబుతుంది, ధర చాలని సంగతి చెబుతుంది. రాయి ఎంత గట్టిదో దాని కింది ఆధారం అంత పలచనిదని మనకు తెలిసేటట్లు రాస్తుంది. ఆ రాతి మీద చెక్కిన పుట్టినసంవత్సరం 1901. జోరా నిజంగా పుట్టింది 1891లో. 1917లో బాల్టిమోర్ బడిలో చేరడానికి వయసు మీరిపోవడంతో జోరాయే పదేళ్లు తగ్గించి చెప్పుకుంది. చదువుకోసం ఒక పేద నల్లపిల్ల ఆడిన అబద్ధం చివరకు రాతికెక్కింది. ఆ పదేళ్ల తేడా ఒక తప్పు అని దిద్దుకునేవాళ్లు దిద్దుకోవచ్చు. నా మటుకు నాకు ఆ రాయి మీద అన్నిటికంటె చారిత్రకమైన అక్షరాలు అవే.

మన వంటి సంఘాల వాళ్లు ఇక్కడ ఇంకొక విషయం గమనించాలి. జోరా మరుగున పడడంలో తెల్లవాళ్ల ప్రచురణ సంస్థల పాత్ర ఎంత వుందో, అభ్యుదయ విమర్శ పాత్రా కొంత వుంది. 1937 అక్టోబరులో కమ్యూనిస్టు పత్రిక 'న్యూ మాసెస్'లో రిచర్డ్ రైట్ ఆ నవలను తీవ్రంగా విమర్శించాడు. అందులో చెప్పుకోదగ్గ వస్తువు లేదనీ, అది తెల్ల పాఠకుల వినోదానికి పనికివచ్చే చిత్రణ అనీ తేల్చాడు. జోరా రాజకీయాలు మనం సమర్థించగలిగినవి కావు. బడులలో జాతివివక్ష చెల్లదని 1954లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును ఆమె మరుసటి ఏడాది వ్యతిరేకిస్తూ లేఖ రాసింది. అందుకు ఆమెను ఖండించాలి. నవలలో నల్ల స్త్రీ తన భాషలో తన బతుకు చెప్పుకుంటుంటే అందులో వస్తువు లేదనడం మాత్రం వేరు సంగతి. వస్తువు ఏది, ఏది కాదు అని ముందే తేల్చుకున్న కళ్లకు అది కనిపించలేదు. మన తెలుగు విమర్శలో ఇటువంటి తీర్పులు ఎన్ని వున్నాయో, వాటి కింద ఎవరెవరు పూడిపోయారో ఎవరైనా పూనుకుని లెక్క తీయవలసి వుంది.

1945లో జోరా స్వయంగా డబ్ల్యూ.ఇ.బి. డుబాయిస్‌కు ఉత్తరం రాసింది. పేరుపొందిన నల్లవాళ్లు ఆనవాలు లేకుండా మట్టిలో కలిసిపోకూడదనీ, వాళ్లకోసం ఫ్లోరిడాలో వంద ఎకరాలలో ఒక శ్మశానవాటిక ఏర్పాటు చేయాలనీ కోరింది. డుబాయిస్ ఒప్పుకోలేదు.

వాకర్ వ్యాసం పక్కన పెట్టి చూడవలసిన పుస్తకం అలెక్స్ హేలీ 'రూట్స్' (1976). సహవాసి చేసిన సంక్షిప్తానువాదం 'ఏడు తరాలు' హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ప్రచురణగా తెలుగులో ఎంత ఆదరణ పొందిందో ఈ పత్రిక పాఠకులకు చెప్పనక్కరలేదు. నేను డిగ్రీ చదివే రోజుల్లో హాస్టలు గదుల్లో అట్ట ఊడిపోయిన ప్రతి చేతులు మారుతూ వుండేది. దాన్ని చదివి కళ్లనీళ్లు పెట్టుకోనివాళ్లు అరుదు. అందుకే దాని గురించి విమర్శనాత్మకంగా మాట్లాడితే మనవాళ్లకు కష్టంగా వుంటుంది.

నల్లజాతి అమెరికన్లు తమ వంశాన్ని వెనక్కు వెతుక్కుంటూ పోతే 1870 జనాభా లెక్కల దగ్గర గోడ అడ్డం వస్తుంది. అంతకు ముందు 1850, 1860 లెక్కలలో బానిసలను యజమాని పేరు కింద వయసు, ఆడా మగా, రంగు మాత్రమే రాసి నమోదు చేశారు. పేర్లు సాధారణంగా రాయలేదు. హేలీ 1870 లెక్కలలో తన పూర్వీకుడైన కమ్మరి టామ్ మరేను చూశాడు. అక్కడినుంచి గోడ దూకి, 1767 సెప్టెంబరు 29న అనాపొలిస్ రేవు చేరిన 'లార్డ్ లిగోనియర్' ఓడ దాకా, అక్కడినుంచి గాంబియాలోని జుఫూరే గ్రామం దాకా, కుంటా కింటే దాకా వెళ్లాడు. గ్రామంలో ఒక వృద్ధుడు వంశగాథ చెప్పాడు, తెగిన తాడు ముడిపడింది.

ముడి నిలవలేదు. లండన్ 'సండే టైమ్స్' విలేకరి మార్క్ ఒట్టావే 1977లోనే ఆ గాథ చెప్పిన మనిషి సాక్ష్యాన్ని ప్రశ్నించాడు. 1981లో గేరీ మిల్స్, ఎలిజబెత్ షోన్ మిల్స్ అనే వంశచరిత్ర పరిశోధకులు వర్జీనియా దస్తావేజులు చూసి, కుంటాకు యజమాని పెట్టిన పేరని చెప్పే 'టోబీ' 1762 నాటికే వాలర్ కుటుంబం కాగితాలలో వున్నాడని చూపారు. అప్పటికి ఓడ ఇంకా రానేలేదు. 1782 తర్వాత ఆ పేరు కాగితాలలో లేదు. కూతురు కిజీ పుట్టిందని పుస్తకం చెప్పేది 1790లో. ఇవి తెల్లయజమానుల కాగితాలు గదా, వాటిని నమ్మాలా అనవచ్చు. యజమాని అబద్ధమాడే చోట్లు చాలా వుంటాయి. తన ఆస్తి లెక్క రాసుకునేచోట అతనికి అబద్ధంతో పని లేదు. పీడితుడి పేరు మనకు దొరికేది చాలాసార్లు పీడకుడి లెక్కల పుస్తకంలోనే.

దీనివల్ల 'ఏడు తరాలు' విలువ పోయిందని నేను అనడం లేదు. తోటలలో గడిచిన తరాల కథ, కుటుంబాలను విడదీసి అమ్మడం, పారిపోయిన కాలును నరకడం, ఇవి ఏ ఒక్క వంశానికో చెందిన సత్యాలు కావు. హేలీ బలం అక్కడ వుంది. బలహీనత ఎక్కడంటే, ఒక పేరుగల వీరుడైన మూలపురుషుడి నుంచి తెంపులేని గొలుసు వుంటేనే తన జాతికి గౌరవమని నమ్మడంలో. ఈ నమూనా బానిసలది కాదు, రాజులది. మన ప్రబంధాలలో కృతిభర్తకు వంశవర్ణన చేసేటప్పుడు చంద్రుని దగ్గరనుంచి మొదలుపెట్టి అతని దాకా తెంపు లేకుండా లాక్కొస్తారు. ఆ గొలుసే ఇది. గొలుసు తెగడమే బానిసత్వపు అసలు నేరం. తెగినచోటును పూడ్చి చూపితే నేరం కొంత తగ్గినట్లు అవుతుంది.

ఇంకొక సంగతి నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగా వుంటుంది. వంశగాథలు నోటికి అప్పజెప్పే ఆఫ్రికా గాయకుణ్ణి చూసి తెలుగు పాఠకులు పరవశించారు. మన వాకిట్లోకి వచ్చి కాపుల గోత్రాలు చెప్పే పిచ్చుకుంట్లవాణ్ణి గింజలు వేసి పంపించారు. మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలివాడు, పటం విప్పి, కిన్నెర మీటి, ఆ కులం పుట్టుకను సృష్టి మొదటికి తీసుకుపోతాడు. ఎవరికి ఎవరు చరిత్ర చెబుతారు, దానికి ప్రతిఫలం ఎలా వసూలు చేస్తారు, ఏ తరం దగ్గర పేర్లు మాయమై పురాణం మొదలవుతుంది అన్నవి వంశచరిత్ర రాయదలచినవాళ్లు ముందుగా తెలుసుకోవలసిన విషయాలు. జుఫూరే దాకా పోనక్కరలేదు.

సముద్రం దాటిపోయిన తెలుగువాళ్ల విషయం మరీ విచిత్రం. 1860 అక్టోబరులో మద్రాసు రేవు విడిచిన 'ట్రూరో' ఓడ నవంబరు 16న డర్బన్ చేరింది. అప్పటినుంచి 1911 దాకా ఒప్పంద కూలీలుగా నేటాల్ చేరినవాళ్లు 152,184 మంది. వారిలో తెలుగువాళ్లు చాలామంది. ఓడ జాబితాలో ప్రతి కూలీకీ ఒక నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, జిల్లా, ఒంటిమీది పుట్టుమచ్చలు, గాయాల గుర్తులు రాశారు. మారిషస్‌లో తెలుగువాళ్లకు వాళ్లు ఓడెక్కిన కోరంగి రేవు పేరే కులం పేరులా స్థిరపడింది. అక్కడ మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో వలసకూలీల రికార్డులు, కొందరి ఫొటోలు కూడా భద్రంగా వున్నాయి. వాళ్ల మునిమనుమలు ఈనాడు ఆ కాగితం పట్టుకుని మన పల్లెలు వెతుక్కుంటూ వస్తున్నారు. ఇంగ్లీషు గుమాస్తా చెవికి పట్టిన ఊరిపేరును మన జిల్లాలలో పోల్చుకోలేక తంటాలు పడుతున్నారు. ఓడెక్కినవాడు సరుకు గనుక వాడి మోచేతి మచ్చ కూడా నమోదయింది. ఓడెక్కకుండా ఊళ్లోనే పాలేరుగా చచ్చిపోయిన వాడి సొంత తమ్ముడి పేరు ఎక్కడా లేదు. ఎవరి సమాధి వెతకాలి అన్న ప్రశ్న ఆ పల్లెలో రెండు కుటుంబాలకూ ఒకటే అయినా, కాగితం ఒకరి దగ్గరే వుంది. ఈ వస్తువు మీద తెలుగులో మంచి నవల రావలసి వుంది.

ఇప్పుడు మన రచనలకు వస్తాను. వై.బి. సత్యనారాయణ 2011లో ఇంగ్లీషులో రాసిన 'మై ఫాదర్ బాలయ్య' తెలుగులోకి కూడా వచ్చింది. కరీంనగర్ ప్రాంతపు వంగపల్లి నుంచి బయలుదేరిన ఒక మాదిగ కుటుంబపు మూడు తరాల కథ. చనిపోయిన భార్యను ఒంటరిగా భుజాన వేసుకుని నర్సయ్య పూడ్చడానికి నడవడం, పసికొడుకు వెంట రావడం, ఆ తర్వాత ఊరు వదిలి రైల్వే కూలిపనికి వెళ్లిపోవడం ఆ పుస్తకంలో ప్రారంభ ఘట్టం. ఒక సమాధితో మొదలైన వంశచరిత్ర ఇది. ఆ సమాధి దగ్గరికి తిరిగి వచ్చి రాయి పెట్టిన ఘట్టంతో ముగియకపోవడంలో రచయిత నిజాయితీ కనిపిస్తుంది. పూర్వీకునికి నిజాం ఇచ్చిన యాభై ఎకరాలలో రెండెకరాలు మిగిల్చి తక్కినది దొర కాజేసిన వైనం కూడా అందులో వుంది. భూమి పోయినవాడికి సమాధి నిలవదనే సంగతిని రచయిత సిద్ధాంతంగా చెప్పలేదు. వరుసగా చదివితే మనకే తెలుస్తుంది. చదువు, ఉద్యోగాల విజయగాథగా మారిన చివరి భాగంలో ఈ పట్టు సడలింది. పేరున్న మనుషులు పెరిగేకొద్దీ పేరు లేనివాళ్లు పుస్తకంలోంచి తప్పుకున్నారు.

సుజాత గిడ్ల 'యాంట్స్ ఎమాంగ్ ఎలిఫెంట్స్' (2017) గురించి మన సాహిత్య సంఘాలలో జరిగిన చర్చ అంతా ఆమె మేనమామ శివసాగర్ చుట్టూ, ఉద్యమంలో ఆయన స్థానం చుట్టూ తిరిగింది. అది సహజమే. నా దృష్టి మాత్రం మొదటి పుటల మీద నిలిచింది. అడవి నుంచి వెళ్లగొట్టబడిన గుంపుగా పూర్వీకులను పరిచయం చేసే ఆ భాగం మరీ సాఫీగా నడిచింది. తల్లి, మేనమామల జీవితాలను ఏళ్ల తరబడి అడిగి రికార్డు చేసుకున్న రచయిత్రి, ఆ తొలి పుటలలో కూడా ఎవరు ఎవరికి చెప్పగా తనదాకా వచ్చిందో అదే శ్రద్ధతో చూపివుంటే ఆ అడవి ఇంకా దగ్గరగా కనిపించేది.

పూర్వీకుల పట్ల ప్రేమకు రాయి అవసరమనుకోవడం కూడా మధ్యతరగతి అలవాటే. పెత్రమాసనాడు అన్నం పెట్టే ఇల్లాలికి రెండు తరాలకు మించి పేర్లు తెలియవు, మిగిలిన అందరికీ కలిపి పెద్దలని దండం పెడుతుంది. కరీంనగర్ పట్టణంలో కొన్ని దళిత కుటుంబాలు దీపావళినాడు సమాధుల దగ్గరికే వెళ్లి దీపాలు వెలిగిస్తాయి, తినుబండారాలు పెడతాయి. ఊరు పెరిగి శ్మశానాల మీదికి వస్తున్న కాలంలో ఆ దీపాలకు మరొక అర్థం కూడా వుంది. ఇది మా నేల అని ఏడాదికొకసారి చేసే ప్రకటన అది. వంశచరిత్ర రచయితలలో ఎంతమంది ఆ నేల సర్వే నంబరు రాసుకున్నారు? ఎవరి తవ్వకంలో ఎన్ని గుంటలు పోయాయో ఎంతమంది అడిగారు? సమాధి దొరకలేదని రాయడం సగం పనే, అది ఎవరి చేతుల్లో పోయిందో రాయడం మిగిలిన సగం.

ఇదంతా రాయడానికి తక్షణ కారణం ఒకటి వుంది. మా ప్రాంతపు యువరచయిత ఒకరు తన వంశచరిత్ర రాతప్రతి నాకు చదవమని ఇచ్చాడు. పదిహేడు అధ్యాయాలు. నాయనమ్మ మాటలు వింటూ రాసిన భాగాలు అద్భుతంగా వున్నాయి, ఆ యాస మీద చెయ్యి వేయవద్దని చెప్పాను. ముత్తాత సమాధి కోసం మూడు ఊళ్లు తిరిగిన అధ్యాయం ఇంకా బాగుంది. ఒక ఊళ్లో కాలువ, ఒక ఊళ్లో ఇటుకబట్టీ, మూడో ఊళ్లో ఎవరూ మాట్లాడలేదు. ఆ తర్వాతి అధ్యాయంలో మాత్రం హఠాత్తుగా ఒక ముసలివాడు ఎదురై, ముత్తాత దొరమీద తిరగబడి ప్రాణం విడిచిన కథ చెప్పి, మర్రిచెట్టు కింది సమాధి చూపిస్తాడు. ఆ ముసలివాడు ఎవరని అడిగాను. కల్పన అన్నాడు. ముత్తాత వీరుడు కాకపోతే పుస్తకం ఎవరు చదువుతారు సార్ అన్నాడు. ఆ అధ్యాయం తీసివేసి, ఇటుకబట్టీ ఎవరిదో కనుక్కుని ఆ సంగతి రాయమన్నాను. ఇంకా ఒప్పుకోలేదు. వచ్చే నెల మళ్లీ వస్తానన్నాడు.